ముందు సీటు... ఎంత మెత్తన?

'ఫస్ట్ క్లాస్' అన్న మాటని మనం వాడినంత ధారాళంగా ఇంగ్లీషువాళ్లయినా వాడతారో లేదో! పప్పుచారు కుదిరితే ఫస్ట్ క్లాసు. పిల్లాడికి అరవై శాతం దాటితే ఫస్ట్ క్లాసు. కొత్త అల్లుడు ఎలా ఉన్నాడంటే, 'ఫస్ట్ క్లాసుగా ఉన్నాడమ్మా' అంటారు. టూరింగ్ టాకీసుల్లో నేల, బెంచీ, కుర్చీ అని మూడు రకాల టికెట్లున్న రోజుల్లో కుర్చీలో కూర్చున్నవాడి దర్జాయే వేరు.

సినిమాహాల్లో డబ్బున్నవాళ్లు వెనక కూర్చుంటారు. విమానంలో మాత్రం ముందు కూర్చుంటారు. ఈ విషయంలో విమానం మన ఆర్టీసీ బస్సుకే దగ్గర. వినుకొండ నుంచి బొల్లాపల్లి వెళ్లే బస్సులో ఆఖరి సీట్లో కూర్చున్నవాళ్లని అడిగితే ముందు సీటు విలువేంటో విడమరిచి చెబుతారు. విమానంలోనూ అంతే. తోక దగ్గర ఊపు ఎక్కువ, రెక్కల దగ్గర తక్కువ. మరీ ముందు కూర్చుంటే ఊపు కొంచెం ఉన్నా, ఇంజిన్ల మోత వెనకబడిపోతుంది. దిగేటప్పుడు ముందుగా దిగొచ్చు.

అయితే ఒక్క సంగతి. దేశంలోపల తిరిగే విమానాల్లో ఫస్ట్ క్లాస్ అన్నది ఇప్పుడు దాదాపు లేదు. టికెట్టు మీద కనిపించేది బిజినెస్ క్లాసే. మనం నోటివాటంగా ఫస్ట్ క్లాస్ అంటున్నామంతే. పైగా ఆ బిజినెస్ క్లాసు కూడా అన్ని విమానాల్లో ఒకేలా ఉండదు. ఒకదాంట్లో పడుకోవచ్చు, ఇంకోదాంట్లో వాలి కూర్చోవచ్చు, మరోదాంట్లో అసలా క్లాసే ఉండదు. టికెట్టు కొనేవాళ్లు ధర చూస్తారు, టైము చూస్తారు. ఎక్కబోయే విమానం ఏ రకమో చూసేవాళ్లు తక్కువ. చూడాల్సింది అదే!

బొల్లాపల్లిలో బేరం

మొన్న సంక్రాంతికి బొల్లాపల్లి వెళ్లినప్పుడు మా పెదనాన్న ఇంట్లో ఇదే చర్చ. పల్నాడు జిల్లాలో నల్లమల అంచున ఉండే మండలం అది. మిరప, పత్తి పండించే నేల. విమానాశ్రయం ఆ దరిదాపుల్లో లేదు. వినుకొండ వచ్చి, నరసరావుపేట, గుంటూరు, విజయవాడ దాటి గన్నవరం చేరాలి. ఊళ్లో బయల్దేరి గన్నవరం చేరడానికి పట్టే సమయం కంటే, గన్నవరం నుంచి ఢిల్లీకి ఎగిరే సమయమే తక్కువ.

పెదనాన్న కొడుకు అమెరికాలో ఉంటాడు. అమ్మానాన్నల్ని ఆర్నెల్లు తీసుకెళ్దామని వాడి తాపత్రయం. పెద్దమ్మకేమో మోకాళ్లు అరిగిపోయాయి. కుర్చీలోంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించి లేవాలి. అందుకని 'బిజినెస్ క్లాసులో తీసేస్తా' అన్నాడు వాడు. పెదనాన్న ఒప్పుకోలేదు. 'ఏంది అబ్బాయ్... కూచుని పోయేదానికి అంత డబ్బు పోస్తారా? కుర్చీకి బంగారు తాపడం ఏమన్నా చేయించారా? అందులో ఎట్టుంటదో నువ్వన్నా చెప్పు' అని నా మీదికి తిరిగాడు.

తేమ తగ్గేదాకా కాయలు కళ్లంలో ఎండబోసి, యార్డులో ధర కోసం పడిగాపులు పడ్డ మనిషి అలా అడగడంలో వింతేముంది? ముందు సీటుకీ వెనక సీటుకీ మధ్య తేడా ఒక్కోరోజు రెండింతలు, ఒక్కోరోజు నాలుగింతలు కూడా ఉంటుంది. ఆ డబ్బుకి ఏమొస్తుందో లెక్కగా తెలియాలిగా మరి!

సామానుకే ఫస్ట్ క్లాస్!

చిన్న విమానంతో మొదలుపెడదాం. హైదరాబాద్ నుంచి విజయవాడ, రాజమండ్రి, కడప లాంటి ఊళ్లకు తిరిగే రెక్కల పంకాల విమానం ఏటీఆర్ 72. మన జిల్లాల్లో మొదటిసారి విమానం ఎక్కినవాళ్లలో చాలామందికి పరిచయమైంది ఇదే. 2003లో ఎయిర్ డెక్కన్ చౌక విమానాలు మొదలుపెట్టింది దీని తమ్ముడు ఏటీఆర్ 42తో. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ పథకం కింద కడప-హైదరాబాద్ సర్వీసు మొదలైనప్పుడు ట్రూజెట్ నడిపిందీ ఏటీఆర్ 72నే. ట్రూజెట్ 2022లో ఆగిపోయింది. ఇప్పుడు ఇండిగో నడిపే ఏటీఆర్‌లో 78 సీట్లుంటాయి. అటు రెండు, ఇటు రెండు. మధ్య సీటు అనే శిక్ష ఉండదు.

ఇందులో బిజినెస్ క్లాసు లేదు. ఇంకా తమాషా ఏంటంటే, ప్రయాణికులు ఎక్కేది వెనక తలుపు నుంచి. పైలట్ల గదికీ మనకీ మధ్య, అంటే మిగతా విమానాల్లో పెద్దమనుషులు కూర్చునే చోట, ఇందులో సామాను పెడతారు. ఏటీఆర్‌లో ఫస్ట్ క్లాస్‌లో ప్రయాణించేది మన సూట్‌కేసే!

పంకాలు ముందు వరసలకు దగ్గరగా తిరుగుతాయి కాబట్టి మోత, అదురు అక్కడే ఎక్కువ. ఈ ఒక్క విమానంలో మాత్రం వెనక సీటే హాయి. తలుపు దగ్గర, మరుగుదొడ్డి దగ్గర, మోతకి దూరం. రెక్క కిటికీలకు పైన ఉంటుంది. దాంతో ఎక్కడ కూర్చున్నా కింద ఏముందో అడ్డులేకుండా కనిపిస్తుంది. ఇది జెట్ విమానాల కంటే తక్కువ ఎత్తులో, 17 నుంచి 20 వేల అడుగుల్లో పోతుంది. మబ్బు లేకపోతే గన్నవరం దగ్గర పడేకొద్దీ కృష్ణమ్మని తీరిగ్గా చూసుకోవచ్చు. వర్షాకాలం మాత్రం అదే ఎత్తులో మబ్బులుంటాయి గనుక కుదుపులు తప్పవు.

మోకాళ్ల నొప్పులవాళ్లకి ఏటీఆర్‌లో ఇంకో మేలుంది. దాని తలుపే మెట్లుగా కిందికి తెరుచుకుంటుంది. నాలుగైదు మెట్లెక్కితే లోపలుంటాం. పెద్ద జెట్ విమానానికి ఏరోబ్రిడ్జి లేని చోట నిచ్చెనలాంటి మెట్ల బండి ఎక్కాలి. దానిముందు బిజినెస్ క్లాసయినా, ఇంకేదయినా ఒకటే! లోపల ఎంత మెత్తటి సీటున్నా, ఆ మెట్లెక్కేసరికే మోకాలు లెక్క చెప్పేస్తుంది. చక్రాల కుర్చీ కావాలని టికెట్టు కొనేటప్పుడే రాయించుకుంటే, అవసరమైన చోట ఎత్తి పైకి చేర్చే బండి ఏర్పాటు చేస్తారు. బిజినెస్ టికెట్టుకన్నా పెద్దమ్మకి ముందు అక్కరకొచ్చేది అది. దానికి డబ్బు కూడా అక్కర్లేదు.

అరవై ఆరు అడ్డంగా...

ఇక దేశంలో ఎక్కువగా కనిపించే జెట్ విమానాలు రెండు కుటుంబాలు. ఎయిర్‌బస్ ఏ320, బోయింగ్ 737. బయటినుంచి చూస్తే కవలపిల్లల్లా ఉంటాయి. లోపల టేపు పెట్టి కొలిస్తే తేడా తెలుస్తుంది. ఏ320 లోపలి వెడల్పు 3.70 మీటర్లు. 737కి 3.54. అంటే సుమారు ఆరంగుళాలు తేడా. 'ఆరంగుళాలేగా' అనకండి. వెనక భాగంలో వరసకి ఆరుగురు కూర్చుంటారు. ఆ ఆరంగుళాలూ వాళ్లకి పంచితే మనిషికో అంగుళం. పక్కన భారీ మనిషి కూర్చున్నప్పుడు ఆ అంగుళం విలువ తెలుస్తుంది.

ముందు భాగంలో ఆరుగురి జాగాలో నలుగురే కూర్చుంటారు. రెండు, రెండు. ఎయిరిండియా తన ఏ320 నియో విమానాల్ని ఈమధ్య లోపల మార్పించింది. ఇప్పుడు వాటిలో 8 బిజినెస్ సీట్లు, 24 ప్రీమియం ఎకానమీ, 132 మామూలు ఎకానమీ. పాతవాటిలో బిజినెస్ సీట్లు 12 ఉండేవి. ఒక సీటు వెన్నుకీ వెనక సీటు వెన్నుకీ మధ్య దూరం బిజినెస్‌లో 40 అంగుళాలు, ప్రీమియంలో 32, ఎకానమీలో 28-29. అదీ అసలు తేడా! ఆ పదకొండు, పన్నెండు అంగుళాల కోసమే అంత డబ్బు.

అంగుళాల్లో చెబితే పెదనాన్నకి అర్థం కాలేదు. గోడకి ఆనుకుని మంచం మీద కూర్చోబెట్టి, మోకాళ్ల ముందు పీట నిలబెట్టి చూపించా. పీట మోకాలికి తగలబోతుంటే ఎకానమీ. కాలు చాపి పీటని తన్నగలిగితే బిజినెస్. 'ఆఁ... ఇప్పుడు తెలిసింది' అన్నాడు.

అయితే ఇది మంచం కాదు. వెనక్కి వాలుతుందంతే, అదీ ఏడంగుళాలు. అబ్బాయిలు అమెరికాలో కూర్చుని 'బిజినెస్ క్లాస్' అని నొక్కేటప్పుడు వాళ్ల కళ్ల ముందు ఉండేది పూర్తిగా పరుచుకునే పడక. గన్నవరంలో ఎక్కిన నాన్నగారికి ఎదురయ్యేది పెద్ద వాలు కుర్చీ. ఇద్దరూ అబద్ధం చెప్పడం లేదు. విమానం వేరంతే.

పెద్దవాళ్లకి ఇందులో పనికొచ్చేది ఎవరూ చెప్పని సదుపాయం ఒకటుంది. మరుగుదొడ్డి! ముందున్న ఎనిమిది మందికి ముందు ఒకటి. వెనకున్న నూట యాభై పైచిలుకు మందికి వెనక రెండో, మూడో. షుగరున్నవాళ్లకి, ప్రోస్టేట్ ఇబ్బంది ఉన్న పెద్దాయనలకి, రెండున్నర గంటల ప్రయాణంలో ఇది సీటుకన్నా పెద్ద సుఖం. పైగా భోజనం బండి నడవాలో అడ్డం నిలబడితే వెనకవాళ్లు కదల్లేరు కూడా. మా పెదనాన్నకి నచ్చిన ఏకైక కారణం ఇదే అని వేరే చెప్పక్కర్లేదు.

ముందు వరసలో సీటు దొరికితే చాలనుకుంటారు కొందరు. అది ఎకానమీ మొదటి వరసైతే కాస్త చూసుకోవాలి. ఎదురుగా గోడ ఉంటుంది కాబట్టి సంచి కాళ్ల దగ్గర పెట్టుకోనివ్వరు. భోజనం బల్ల చేతిపట్టీలో ఇమిడి ఉంటుంది. దాంతో చేతిపట్టీ పైకి లేవదు, సీటు కాస్త ఇరుకవుతుంది. అత్యవసర ద్వారం దగ్గర కాళ్లకి బోలెడు జాగా ఉంటుంది కానీ, పెద్దవయసువాళ్లని, నడవడానికి ఇబ్బంది పడేవాళ్లని అక్కడ కూర్చోనివ్వరు. ప్రమాదం జరిగితే ఆ తలుపు తీయాల్సింది వాళ్లే కదా.

ఇండిగో 2006లో మొదలైనప్పటి నుంచి పద్దెనిమిదేళ్లు అందరికీ ఒకే రకం సీటన్నది. 2024 నవంబరులో ఆ పట్టు సడలించి ఢిల్లీ-ముంబై మధ్య ఏ321 విమానాల్లో 'స్ట్రెచ్' పేరుతో 12 పెద్ద సీట్లు పెట్టింది. వరుసల మధ్య 38 అంగుళాలు. వాలుతుంది, పడక కాదు. పేరేదైనా ఎయిరిండియా ఏ320 ముందు సీటుకి తమ్ముడే.

ఏ321ల్లోనే ఇంకో రకం ఉంది. విస్తారా తెప్పించిన ఏ321 నియోల్లో ముందు 12 సీట్లు నిజంగానే పూర్తిగా పరుచుకుంటాయి. 2024 నవంబరు 12న విస్తారా ఎయిరిండియాలో కలిసిపోయింది. ఆ విమానాలూ అటే వెళ్లాయి. సన్నటి విమానంలో పడక దొరకడం మన దేశంలో అరుదు. ఏ రోజు ఏ రూట్లో వస్తుందన్నది అదృష్టం.

పెద్దది దొరికితే పండగే

దేశంలోపల కూడా అప్పుడప్పుడూ పెద్ద విమానాలు తిరుగుతాయి. విదేశాలకి వెళ్లే ముందో, వచ్చాకో మెట్రో నగరాల మధ్య ఒక ట్రిప్పు వేస్తాయి. అలాంటిది తగిలితే, అదే టికెట్టు మీద దొరికే సుఖం వేరు.

బోయింగ్ 787నే డ్రీమ్‌లైనర్ అంటారు. ఎయిరిండియా 787-8లో మొదటినుంచీ ఉన్న ఏర్పాటు ప్రకారం 18 బిజినెస్ సీట్లు, వరుసకి రెండేసి చొప్పున మూడు జతలు. అన్నీ పడకలే. కిటికీ పక్కన కూర్చున్నవాళ్లు లేవాలంటే పక్కవాళ్ల కాళ్లు దాటాలన్నదే లోటు. ఇప్పుడు వీటినీ ఒక్కొక్కటిగా మారుస్తున్నారు. కానీ ఈ విమానంలో అసలు సుఖం సీట్లో లేదు, గాల్లో ఉంది. మామూలు విమానాల్లో లోపలి గాలి ఎనిమిది వేల అడుగుల కొండమీద ఉన్నంత పలచగా ఉంటుంది. 787 ఒళ్లు కార్బన్ మిశ్రమంతో చేసింది కాబట్టి లోపల ఎక్కువ ఒత్తిడి తట్టుకుంటుంది. దాంతో ఆరువేల అడుగుల కొండమీద ఉన్నట్టుంటుంది. తేమ కూడా కాస్త ఎక్కువ. నోరు ఎండటం, తలనొప్పి, చెవులు దిబ్బడ తక్కువ. ఇది ముందు కూర్చున్నవాళ్లకీ, ఆఖరి వరుసవాళ్లకీ సమానంగా దక్కే ఫస్ట్ క్లాస్!

ఈ మాట చెబుతుంటే పెద్దమ్మ ఒక్కటే అడిగింది. 'అహ్మదాబాదులో కూలింది అదేనా అయ్యా?' అని. అదే. 2025 జూన్ 12న లండన్ బయల్దేరి నిమిషంలోపే కూలిపోయింది. విమానంలో ఉన్న 242 మందిలో బతికింది ఒక్కరు. ఆయన కూర్చున్నది బిజినెస్‌లో కాదు. ఎకానమీ మొదట్లో, అత్యవసర ద్వారం పక్కన, 11ఏలో. అలాగని 11ఏ అదృష్ట సీటూ కాదు, ముందు సీటు దురదృష్టమూ కాదు. డబ్బుపెట్టి కొనేది కాళ్లు చాపుకునే జాగానే. భద్రత ఏ క్లాసుకీ విడిగా అమ్మరు. పెద్దమ్మకి ఇంతకన్నా ఏం చెప్పగలను? చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత 'బస్సులూ పడతాయిలే' అని లేచి లోపలికి వెళ్లింది.

ఇప్పుడు దేశంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా దర్జా అయినది ఎయిర్‌బస్ ఏ350. ఎయిరిండియాకి వచ్చిన మొదటి ఏ350ని జనానికి చూపించింది మన బేగంపేటలోనే. 2024 జనవరిలో జరిగిన వింగ్స్ ఇండియా ప్రదర్శనలో. ఆ నెల 22న ప్రయాణాలు మొదలయ్యాయి, మొదట దేశంలోపలే. సిబ్బందికి చేయి తిరగాలని బెంగళూరు, చెన్నై, ఢిల్లీ, హైదరాబాద్, ముంబైల మధ్య తిప్పారు. 28 బిజినెస్ సీట్లు. సీట్లనడం కన్నా గదులనడం సబబు. ఒక్కోదానికీ జారుడు తలుపుంటుంది. ఒకటి, రెండు, ఒకటి చొప్పున అమరిక, ఎవరి కాళ్లూ దాటక్కర్లేదు. ఇవి మొదట రష్యా విమాన సంస్థ కోసం తయారై, అక్కడికి వెళ్లకుండా మనకొచ్చినవి. ఆ కొద్దిరోజులూ గంటన్నర ప్రయాణానికి పడకగది అద్దెకు తీసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. బెంగళూరు వెళ్లేలోపు పడుకోవడమా, తలుపు మూసి తీసి చూసుకోవడమా, ఫొటోలు దిగడమా?

నిజాం రోజుల్లో...

సుఖం అంటే ఇప్పుడే పుట్టిందనుకోకండి. నిజాం సంస్థాన రైల్వే, టాటాలు కలిసి 1945లో పెట్టిన డెక్కన్ ఎయిర్‌వేస్ బేగంపేట నుంచి డకోటా విమానాలు నడిపింది. డకోటాకి తోక కింద చిన్న చక్రం ఉంటుంది. నేలమీద నిలబడితే ముక్కు ఆకాశం వైపు, తోక కిందికి. వెనక తలుపులో ఎక్కి ముందు సీటుకి వెళ్లాలంటే గట్టు ఎక్కినట్టు ఎక్కాలి. లోపల గాలి ఒత్తిడి ఏర్పాటు లేదు, కాబట్టి ఎత్తుకు పోలేరు, కిందే మబ్బుల్లో ఊగుతూ వెళ్లాలి. అయినా విమానం ఎక్కడమే ఫస్ట్ క్లాస్ అయిన రోజులవి. 1953లో జాతీయం చేసినప్పుడు ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది.

2005 తర్వాత పోటీ మొదలైంది. కింగ్‌ఫిషర్ ఏ320ల్లో ముందు భాగానికి ఏకంగా 'ఫస్ట్' అని పేరు పెట్టింది. వరుసల మధ్య సుమారు 48 అంగుళాలు.  తమిళనాడుకు చెందిన పారమౌంట్ ఎయిర్‌వేస్ ఇంకో దారి పట్టింది. ఎంబ్రేయర్ విమానాలు తెచ్చి, రెండేసి సీట్లతో, మధ్య సీటన్నదే లేకుండా హైదరాబాద్, విశాఖలకీ నడిపింది. సుఖమైన విమానం అది. 2010లో ఆగిపోయింది. కింగ్‌ఫిషర్ 2012 అక్టోబరులో, జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో నేలమీదే నిలిచిపోయాయి. మెత్తటి సీట్లు వేసినవాళ్లు ఎక్కువకాలం నిలవలేదు, ఇరుకు సీట్లు వేసిన ఇండిగో దేశంలో అన్నిటికన్నా పెద్దదైంది. ప్రయాణికుడు సుఖం కోరుకుంటాడు, డబ్బు మాత్రం చౌక టికెట్టుకే కడతాడు!

మరి కొనాలా, వద్దా?

నా మటుకు నాకు లెక్క ఇదీ. గంట ప్రయాణానికి, అదీ వాలు కుర్చీ విమానంలో, బిజినెస్ టికెట్టు దండగ. పక్కవాళ్ల ముందు గొప్పకి తప్ప ఎందుకూ పనికిరాదు. విమానం లేచి, సీటు వాల్చి, ప్లేటు తెచ్చి, మళ్లీ 'సీటు నిటారుగా పెట్టండి' అనేసరికి అయిపోతుంది. దేశీయ విమానాల్లో మందు పోయరు కాబట్టి ఆ మోజున్నవాళ్లకీ లాభం లేదు. లాంజ్ ఉంటుంది కదా అంటారా? బ్యాంకు కార్డు చూపించి వచ్చినవాళ్లతో అక్కడ కూర్చోడానికి జాగా ఉంటేగా.

రెండున్నర గంటలు దాటితే, మోకాలో నడుమో బాగోని పెద్దవాళ్లుంటే ఆలోచించొచ్చు. పడకలున్న పెద్ద విమానమైతే ఇంకా ఆలోచించొచ్చు. అమెరికా వెళ్లేవాళ్లు డబ్బంతా దాచి పెట్టుకోవాల్సింది పద్నాలుగు, పదిహేను గంటల ఆ పెద్ద ప్రయాణానికి.

హైదరాబాద్ వెళ్లడానికైతే పల్నాడు వాళ్లకి విమానమే అక్కర్లేదు. 2023 ఏప్రిల్ 8న మొదలైన సికింద్రాబాద్-తిరుపతి వందేభారత్ నల్గొండ, గుంటూరు మీదుగా పోతుంది. అందులో ఎగ్జిక్యూటివ్ బోగీలో రెండేసి సీట్లు, కిటికీ వైపు తిప్పుకోవచ్చు కూడా. లేచి తిరగొచ్చు. సీటు బెల్టు గోల లేదు. గన్నవరం దాకా కారు, అక్కడ రెండు గంటలు ముందు పడిగాపులు, శంషాబాద్ నుంచి ఊళ్లోకి ఇంకో గంట... ఇవన్నీ కలిపితే నా ఓటు రైలుకే.

పెదనాన్న ఇంట్లో చివరికి తేలిందేమంటే, ఒక్క టికెట్టయితే బిజినెస్‌లో కొనగలను, ఇద్దరికీ అంటే ఈ ఏడాది కష్టం అన్నాడు కొడుకు. వాడికీ అక్కడ ఇంటి అప్పుంది. 'అయితే మీ అమ్మకి తియ్యి' అన్నాడు పెదనాన్న, బేరమాడకుండా. అంతసేపూ డబ్బు దండగని వాదించిన మనిషి! పెద్దమ్మ వినలేదు. 'నేను ముందు కూచుంటే ఈయనకి బిళ్లలెవరిస్తారు? తెల్లవి ఎప్పుడో, ఎర్రవి ఎప్పుడో ఈయనకి తెలుసా?' అంది. ఇద్దరికీ పక్కపక్కన ప్రీమియం ఎకానమీ తీయించి, ఆమెకి నడవా వైపు సీటు, చక్రాల కుర్చీ రాయించాం.

మీరూ తీసుకునే ముందు రెండు మూడు సంగతులు చూసుకోండి. బుకింగ్ చేసేటప్పుడు విమానం రకం చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఏటీ7 అంటే ఏటీఆర్. 320, 321, లేదా 32 పక్కన ఓ అక్షరం ఉంటే సన్నటి ఎయిర్‌బస్. 738, 7ఎం8 అంటే బోయింగ్ 737లు. 788 లేదా 789 ఉంటే డ్రీమ్‌లైనర్, 359 ఉంటే ఏ350, 77డబ్ల్యూ ఉంటే బోయింగ్ 777. సీట్ల పటం తెరిచి ముందు వరుసలో ఎన్నున్నాయో లెక్కపెడితే ఇంకా ఖాయం. అయితే ఆఖరి నిమిషంలో విమానం మార్చే హక్కు సంస్థకి ఉంది. మీరు కొన్న క్లాసు కంటే కింది క్లాసులో బలవంతంగా కూర్చోబెడితే మాత్రం, 2023 ఫిబ్రవరి 15 నుంచి అమల్లో ఉన్న డీజీసీఏ నిబంధన ప్రకారం దేశీయ ప్రయాణంలో టికెట్టు ధరలో, పన్నులతో కలిపి, 75 శాతం వెనక్కివ్వాలి. అడగనివాళ్లకి ఇవ్వడం మరిచిపోతుంటారు. బోర్డింగ్ పాస్ పారేయకుండా దాచుకోండి.

పన్ను కూడా ఒకటికి రెండుసార్లు చూసుకోవాలి. ఎకానమీ టికెట్టు మీద జీఎస్టీ 5 శాతమే. మిగతా క్లాసులకి 12 ఉండేది, 2025 సెప్టెంబరు 22 నుంచి 18 అయింది. ప్రీమియం ఎకానమీ కూడా ఈ 'మిగతా'లోకే వస్తుంది.

సామాను బరువు బిజినెస్‌లో ఎక్కువ ఒప్పుకుంటారు, ఎంతన్నది టికెట్టు మీద ఉంటుంది. కానీ ఏ క్లాసులో వెళ్లినా కారం, ఊరగాయ చేతిసంచిలో పెట్టుకోనివ్వరు. తనిఖీ దగ్గర తీసి పక్కన పడేస్తారు. గుంటూరు కారం రెండు కవర్లలో చుట్టి, మూత బిగించి, పెద్ద పెట్టెలోనే సర్దాలి.